క్లచ్ ప్లేటుకు శుభలేఖ

రిటైరై రెండేళ్ళయింది. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు "మీరేం చేసేవారండీ" అని అడుగుతారు. "వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని" అంటాను. వెంటనే వాళ్ళింట్లో ప్రింటర్ పనిచేయడం లేదని, ఒకసారి వచ్చి చూసి పెట్టమని అంటారు. మొదట్లో చిరాకుపడేదాన్ని. ఇప్పుడు వెళ్ళి చూస్తున్నాను. సగం సార్లు ప్లగ్గు పెట్టి ఉండదు.

ఈమధ్య మా భవానీపురంలోనే, పక్క వీధి అమ్మాయి ఒకతె ఇదే పనిలో చేరింది. "ఆంటీ, లింకులకి టైటిల్ పెట్టాలా వద్దా? మా టీమ్ లీడరు పెట్టమంటున్నాడు, ఇంకొకతను వద్దంటున్నాడు" అని అడగడానికి వచ్చింది. పావుగంటలో చెబుతానని కూర్చోబెట్టాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కాఫీ ఇచ్చాను, అయినా ఆ అమ్మాయి మళ్ళీ మా ఇంటివైపు రాలేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోయినా నాకు తెలియదు కదా.

నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే. రెండోది ఆఫీసులో నేనూ, అటెండరూ తప్ప ఎవరూ మిగలనప్పుడు వచ్చింది. కాబట్టి ఆ టైటిల్ సంగతే రాస్తాను.

తెలియని వాళ్ళకు ముందు రెండు ముక్కలు. వెబ్‌సైట్లో కొన్ని మాటలు నొక్కితే వేరే పేజీకి తీసుకెళ్తాయి. వాటిని లింకులంటాం. ఒక్కో లింకు వెనకాల మనం ఇంకో చిన్న వాక్యం దాచిపెట్టవచ్చు. కంప్యూటర్లో మౌసు బాణాన్ని ఆ మాట మీదికి తెచ్చి ఒక్క క్షణం ఆపితే, ఆ వాక్యం చిన్న పెట్టెలో పైకి తేలుతుంది. బాణం పక్కకి తీస్తే మాయమవుతుంది. అదే టైటిల్. ఇంతే విషయం. దీనివల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడబోయింది, ఆ పని చేసింది నేను.

శేషగిరిరావు గారి ప్రెస్సు

మా ఓనరు శేషగిరిరావు గారికి గవర్నర్‌పేటలో శుభలేఖల ప్రెస్సు ఉండేది. నేను అందులో డీటీపీ ఆపరేటర్‌గా చేరాను. వరుడి పేరు పెద్దదా, వధువు పేరు పెద్దదా అని రెండు కుటుంబాలు నా భుజం మీంచి కంప్యూటర్లోకి తొంగి చూస్తూ కొట్టుకుంటుంటే, అక్షరాలు పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడం నా పని. ఓర్పు అక్కడే నేర్చుకున్నాను.

శేషగిరిరావు గారికి జీవితంలో ఎవరికీ కాదని చెప్పడం రాదు. ఒకసారి శుభలేఖలకు వచ్చిన ఒక ఆసామి "వెబ్‌సైట్లు కూడా చేస్తారాండీ" అని అడిగాడు. "ఎందుకు చేయమండీ, బ్రహ్మాండంగా చేస్తాం" అన్నారాయన. ఆ మనిషి మెట్లు దిగేదాకా ఆగి, లోపలికి వచ్చి మెల్లగా అడిగారు.

"కుమారీ, వెబ్‌సైటు అంటే ఏంటమ్మా?"

పదిహేను రోజులు గడువు అడిగి, పుస్తకం కొనుక్కుని నేర్చుకున్నాను. మా ఆఫీసు అలా మొదలైంది. శుభలేఖలు నెమ్మదిగా తగ్గి, వెబ్‌సైట్లే బతుకుతెరువయ్యాయి. గోడ మీద లక్ష్మీదేవి పటమూ, శుభలేఖల నమూనాల ఆల్బమూ మాత్రం అలాగే ఉన్నాయి.

ఒకరోజు ఆయన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని వేరేవాళ్ళ సైటు ఏదో చూస్తున్నారు. లింకు మీద బాణం ఆగింది. చిన్న పెట్టెలో ఏదో మాట తేలింది. ఆయన ఉలిక్కిపడ్డారు. తర్వాత మేము చేసిన సైటు తెరిపించి, లింకు మీద బాణం పెట్టి చాలాసేపు ఎదురుచూశారు. ఏమీ రాలేదు.

"చూశావా అమ్మా, వాళ్ళు పలకరిస్తున్నారు. మనం నోరు మూసుకుని నిలబడ్డాం" అన్నారు.

"అది మనిషి కాదండీ, బాణం."

"బాణం వెనకాల మనిషి లేడా? మన గడపలోకి మనిషొచ్చి నిలబడితే పలకరించకుండా ఎలా ఉంటామమ్మా? ఏ ఊరి మర్యాద ఇది?"

ఆ రోజు నుంచి మా ఆఫీసులో రూలు పుట్టింది. మేము చేసే ఏ సైటులోనూ ఒక్క లింకు కూడా పలకరింపు లేకుండా ఉండకూడదు. పలకరింపు ఎలా ఉండాలంటే, గోడ మీద ఆల్బం ఉంది కదా. ఒక పళ్ళ డాక్టరు గారి సైటులో "పన్ను తీయుట" అనే లింకు మీద బాణం ఆపితే "తమ రాక మాకు మిక్కిలి ఆనందదాయకం" అని వచ్చేది. ఒక వకీలు గారి సైటులో "విడాకుల కేసులు" అన్నచోట "దంపతులిరువురూ విచ్చేయ ప్రార్థన" అని రాశాను.

ఇందులో తప్పంతా ఆయన మీదికి తోసేసి నేను ఒడ్డున కూర్చోలేను. ఆయన ఆజ్ఞ ఇచ్చారు గానీ, రాసింది నేను, రాస్తూ ఆనందించింది కూడా నేనే. వెబ్‌సైట్లు చేసేవాళ్ళు బొమ్మలు అమర్చేవాళ్ళేగానీ రచయితలు కారని అందరూ అనుకుంటారు. ఆ చిన్న పెట్టెల్లో నేను రచయిత్రినయ్యాను. ఆహ్వానాన్ని నలభై రకాలుగా రాయగలనని తెలిశాక నాకది కొంచెం తలకెక్కింది కూడా.

ఉయ్యూరు నర్సరీ

బుద్ధి తెచ్చుకోవడానికి నాకొక అవకాశం ముందే వచ్చింది. ఉయ్యూరు దగ్గర ఒక మొక్కల నర్సరీకి సైటు చేశాం. ఆదివారం సెలవని ఎక్కడో చెప్పాలి. మొదటి పేజీలో రాస్తే మామిడి పూత బొమ్మ అందం చెడిపోతుందని నాకనిపించింది. అందుకని "మా చిరునామా" అన్న లింకుకి టైటిల్‌గా "ఆదివారము తప్ప తక్కిన దినములలో విచ్చేయ ప్రార్థన" అని రాసి, పని అయిపోయిందనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం కైకలూరు నుంచి ఒక కుటుంబం వ్యాను మాట్లాడుకుని కొబ్బరి మొక్కలకు వచ్చి, తాళం వేసిన గేటు ముందు పులిహోర తింటూ కూర్చుంది. నర్సరీ ఆయన నాకు ఫోన్ చేశారు.

"సెలవని రాశామన్నారు కదమ్మా, ఎక్కడ రాశారు?"

"చిరునామా మీద బాణం పెడితే కనిపిస్తుందండీ."

"వాళ్ళు ఫోన్లో చూసుకుని వచ్చారమ్మా. ఫోన్లో బాణం ఏదీ?"

ఫోన్లో వేలు పెట్టగానే లింకు తెరుచుకుంటుంది. వేలిని గాల్లో ఆపి నిలబడితే ఎవరూ పలకరించరు. ఈ సంగతి తెలియక కాదు, నేను రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి లోకమంతా అలాగే కూర్చుంటుందని అనుకున్నాను. ఆ ఒక్క సైటులో సెలవు సంగతి పేజీలోకి మార్చి, నర్సరీ ఆయనకు క్షమాపణ చెప్పి, చేతులు దులుపుకున్నాను. మిగతా సైట్లలో ఇలాంటివి ఇంకెన్ని దాచానో చూడాలన్న ఆలోచనే రాలేదు. చూసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు

ఆటోనగర్‌లో కోటేశ్వరరావు గారని లారీలకూ మినీ లారీలకూ విడిభాగాలు అమ్మే పెద్ద వ్యాపారి ఉన్నారు. ఆయన పాత సైటు తీసేసి కొత్తది చేయమన్నారు. ఆరు వందల పైచిలుకు సామాన్లు, ఒక్కోదానికి ఒక్కో లింకు. దాంట్లోంచే షాపు వాళ్ళు కూడా ఆర్డర్లు పెడతారు. శేషగిరిరావు గారికి పండగే. "ఆరు వందల పలకరింపులు కుమారీ. ఒక్కటి కూడా తగ్గకూడదు" అన్నారు. నేను వారం రోజులు కూర్చుని రాశాను. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా క్లచ్ ప్లేట్లను తిలకించవలసిందిగా ప్రార్థన." ఇది నాకు బాగా నచ్చి బ్రేక్ షూలకు కూడా వాడాను.

కోటేశ్వరరావు గారికి ఒక్కటే పట్టింపు. సామాను పేరు ఒకే లైనులో ఉండాలి. రెండో లైనులోకి దిగితే ఆయనకు కళ్ళు తిరుగుతాయట. లారీ సామాన్లలో చాలావాటికి రెండు వైపులుంటాయి. మనం కుడి, ఎడమ అంటాం. వాళ్ళు డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అంటారు. "సైడ్ అద్దం, డ్రైవర్ సైడు" అని రాస్తే లైను దాటుతోంది. నేను కత్తిరించాను. రెండు లింకుల్లోనూ "సైడ్ అద్దం" అని మాత్రం ఉంచి, ఏ సైడో టైటిల్లో, పలకరింపు చివర పెట్టాను. ఇది శేషగిరిరావు గారు చెప్పలేదు, కోటేశ్వరరావు గారు అడగలేదు. పూర్తిగా నా సొంత తెలివి.

కొత్త సైటు బాగుందని అందరూ అన్నారు. లైన్లన్నీ తిన్నగా ఉన్నాయని కోటేశ్వరరావు గారు స్వీటు డబ్బా పంపారు.

నాలుగు నెలల తర్వాత ఆయనే మా ఆఫీసుకొచ్చారు. ముఖం బాగాలేదు.

"మేడంగారూ, మీరు నాకొక ప్రోగ్రాం రాసి పెట్టాలి. మా షాపులో ఒక మనిషి ఎన్ని తప్పులు చేస్తోందో అది చూపించాలి" అన్నారు.

ఆ మనిషి పేరు పద్మజ. ఫోన్లో ఆర్డర్లు తీసుకునే అమ్మాయి. పుట్టుకతో చూపు లేదు. కంప్యూటర్ తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, దాని సాయంతో మూడేళ్ళుగా పనిచేస్తోంది. ఫోన్లో గొంతు వినగానే ఏ ఊరి మెకానిక్కో చెప్పేస్తుందని కోటేశ్వరరావు గారే ఒకప్పుడు నాతో గొప్పగా చెప్పారు.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట పడలేదండీ. ఈ నాలుగు నెలల్లోనే ఏదో అయింది. ఒకటి అడిగితే ఒకటి పంపుతోంది. కైకలూరులో చేపల బండి ఆయనకు డ్రైవర్ సైడు అద్దం కావాలంటే క్లీనర్ సైడుది పంపింది. తిరిగి పంపితే మళ్ళీ అదే పంపింది. ఆయన నాకు ఫోన్ చేసి, నా బండికి అసలు క్లీనరే లేడు కోటేశ్వరరావు గారూ, వాడికి రెండు అద్దాలెందుకండీ అంటున్నాడు."

నేను నవ్వబోయి ఆగాను.

"పెట్టుకునేటప్పుడే మా బావమరిది వద్దన్నాడు. ఇప్పుడు రోజూ భోజనాల దగ్గర గుర్తుచేస్తున్నాడు. నెలాఖరుకి మాన్పించేద్దామనుకుంటున్నా. ఊరికే మాన్పిస్తే నాకే బాగుండదు. మీ ప్రోగ్రాంలో తప్పులు కనిపిస్తే, నా మనసుకి ఒక సమాధానం ఉంటుంది" అన్నారు.

నాలుగు నెలలన్న మాట దగ్గరే నాకు ఎక్కడో కలుక్కుమంది. ప్రోగ్రాం రాసేముందు ఒకరోజు ఆమె పక్కన కూర్చుని పని చూస్తానన్నాను. ఇదొక్కటి నేను సరిగ్గా చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గర నేర్చుకోదగ్గది ఉంటే అదే. మనం చేసినదాన్ని వాడే మనిషి పక్కన, నోరు మూసుకుని ఒక రోజు కూర్చోండి. నేనైతే ఆ రోజుకి ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పెళ్ళిపిలుపులు

పద్మజ సీటు షాపులో వెనక మూలన, ఇంజను అతుకుల మధ్య వేసే గాస్కెట్ల అట్టపెట్టెల పక్కన. ఒక చెవికి కంప్యూటర్ ఇయర్‌ఫోను, ఇంకో చెవికి ఫోను. మౌసు ముట్టుకోదు, అన్నీ కీబోర్డు మీదే. గుడివాడ నుంచి ఎవరో ఫోన్ చేశారు.

"నమస్కారమండీ. ఏంటి బాబాయ్, జలుబు చేసిందా? గొంతు మారింది. చెప్పండి, ఏం కావాలి?"

అవతలాయన చెబుతూండగానే ఆమె వేళ్ళు నడుస్తున్నాయి. ఫోను పెట్టేసరికి ఆర్డరు అయిపోయింది. నేను రెండో ఇయర్‌ఫోను అడిగి పెట్టుకున్నాను. లోపల ఎవరో గుక్క తిప్పుకోకుండా గొణుగుతున్నారు. ఒక్క అక్షరం అర్థం కాలేదు.

"మీకు అలవాటు లేదు కదా మేడం, వేగం తగ్గిస్తానుండండి" అంది. తగ్గించాక వినపడింది. "లింకు, క్లచ్ ప్లేటు. లింకు, సైడ్ అద్దం. లింకు, సైడ్ అద్దం."

"రెండూ సైడ్ అద్దమనే అంటోంది కదమ్మా, ఏది ఏ సైడో నీకెలా తెలుస్తుంది?"

"తెలియదు మేడం. పాత సైటులో సైడు కూడా చదివేది. కొత్తదాంట్లో మానేసింది. కౌంటర్లో అన్నయ్యల్ని అడిగితే, పైది డ్రైవర్ సైడు, కిందది క్లీనర్ సైడు అన్నారు. అదే లెక్కన పెడుతున్నాను."

చాలావాటికి ఆ మాట నిజమే. కొన్నింటికి మాత్రం నేను తిరగేసి పెట్టాను. టైటిల్లో రాశాను కదా, ఏది ముందుంటే ఏమిటి అనుకున్నాను.

"సైడు పేరు టైటిల్లో ఉందమ్మా. నీ సాఫ్ట్‌వేర్ టైటిల్ చదవదా?"

పద్మజ నవ్వింది. "ఆ పెళ్ళిపిలుపులా మేడం? చదువుతుంది. నేనే ఆపేశాను. వింటారా?"

ఏదో మీట నొక్కింది. నా చెవిలో ఆ మరమనిషి గొంతు, ఎగుడూ దిగుడూ లేకుండా, ఒకే శ్రుతిలో అందుకుంది. "లింకు, క్లచ్ ప్లేటు, సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా క్లచ్ ప్లేట్లను తిలకించవలసిందిగా ప్రార్థన. లింకు, బ్రేక్ షూ, సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా బ్రేక్ షూలను..." నా రచన నేను పైకి వినడం అదే మొదటిసారి. తర్వాతి సామాను గాస్కెట్. దానికి కూడా సపరివారంగా రమ్మన్నానని అప్పుడే గుర్తొచ్చింది.

"మొదటి వారం ఓపిగ్గా విన్నాను మేడం. ఫోన్లో అవతల మనిషి ఎదురుచూస్తుంటాడు, ఇక్కడ పెళ్ళివాళ్ళు కదలరు. ఒక్క ఆర్డరుకి పది నిమిషాలు పట్టేది. సార్ నెమ్మదిగా చేస్తున్నావన్నారు. దాంతో ఆపేశాను."

"ఆ పిలుపుల చివర్లోనే సైడు పేర్లు ఉన్నాయి."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ప్రతిదీ చివరిదాకా ఎవరు వింటారు మేడం? ఆరు వందల పిలుపుల్లో ఎక్కడో అసలు మాట ఉందని నాకెలా తెలుస్తుంది?"

ఆమె టేబుల్ పైన గూట్లో ఒక ఫైలు ఉంది. షాపులో తప్పు సామాను వెళ్ళినప్పుడల్లా, పంపినవాళ్ళు "తప్పు నాదే" అని కాగితం రాసి సంతకం పెట్టాలి. కోటేశ్వరరావు గారి నాన్నగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. పద్మజ పేరు మీద ఏడు కాగితాలున్నాయి. కౌంటర్లో వాళ్ళు రాసి చదివి వినిపిస్తే ఆమె సంతకం పెట్టింది.

"ఉద్యోగంలో చేరేటప్పుడు కష్టపడి సంతకం నేర్చుకున్నాను మేడం. ఎక్కువగా దీనికే పనికొస్తోంది" అంది. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగా అంది. నేను ఫైలు మూసి మళ్ళీ గూట్లో పెట్టాను.

ఆ తర్వాత ఆమె కొంచెం తేలిక చేద్దామనుకుందేమో, "ఇంతకీ మీ ఆఫీసులో ఆ పిలుపులు ఎవరు రాశారు మేడం? ఎవరోగానీ పెళ్ళిళ్ళ పేరయ్య అయి ఉంటాడు" అని నవ్వింది.

"ఎవరో రాశారమ్మా" అన్నాను.

వృత్తిలో అబద్ధాలు చాలా ఆడాను. రేపు ఇచ్చేస్తామండీ అన్నది రోజుకి నాలుగుసార్లు ఆడేదాన్ని. అవేవీ గుర్తులేవు, ఇదొక్కటే గుర్తుంది.

ఓనరు గారి సలహా

శేషగిరిరావు గారికి జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయ్యో, ఆ పిల్లని అలా నిలబెట్టేశామా" అన్నారు. వెంటనే ఆయనలోని వ్యాపారి నిద్రలేచాడు. "గబగబా సరిచేసెయ్యమ్మా. కోటేశ్వరరావు గారికి మాత్రం చెప్పకు. వచ్చే నెల నుంచి తప్పులు వాటంతటవే ఆగిపోతాయి కదా" అన్నారు.

"వచ్చే నెలకి ఆ అమ్మాయి అక్కడుండదు కదండీ."

ఆయన చాలాసేపు లక్ష్మీదేవి పటం వైపు చూశారు. "కస్టమరు పోతే?" అన్నారు.

"పోతారు."

"నువ్వే వెళ్ళు. నాకా ధైర్యం లేదు" అన్నారు. యజమానుల్లో ఇంతమాత్రం నిజం చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే ఆయన దగ్గర అన్నేళ్ళు చేశాను.

ఆ మర్నాడు ముందు సైటు సరిచేశాను. చేస్తూంటే నాకు తోచింది ఇదీ. పక్క వీధి అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇదే. లింకుకి టైటిల్ రాయాలని చెయ్యి దురదపెడితే, రాయబోయే మాట అవసరమైనదా కాదా అని మిమ్మల్ని మీరు అడగండి. అవసరమైనదైతే లింకులోనే, అందరికీ కనిపించేలా రాయండి. అవసరం లేనిదైతే అసలు రాయకండి. లింకులో ఉన్న మాటనే టైటిల్లో మళ్ళీ రాసేవాళ్ళూ ఉన్నారు. అది ఒకే మనిషిని వెంటవెంటనే రెండుసార్లు పేరు పెట్టి పిలవడం లాంటిది. నా అనుభవంలో మామూలు లింకులకి టైటిల్ పెట్టి మేలు చేసిన సందర్భం నాకు ఒక్కటి కూడా తగల్లేదు. మీకు తగిలితే సంతోషమే.

"సైడ్ అద్దం, డ్రైవర్ సైడు." లైను విరిగి కిందికి దిగింది. దిగనిచ్చాను.

తప్పుకు కాగితం

కోటేశ్వరరావు గారు షాపు ముందు గదిలో ఉన్నారు. కౌంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు, వెనక మూలన పద్మజ. నేను ప్రోగ్రాం తెచ్చాననుకుని ఆయన కుర్చీ వేయించారు.

"ముందు మీ ఫోన్లో మీ సైటు తెరవండి. నేను మార్చకముందున్న పేజీ ఒకటి అట్టేపెట్టాను, అది చూడండి. సైడ్ అద్దం రెండుసార్లుంది. ఏది డ్రైవర్ సైడో చెప్పండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. వేలు పెట్టారు, పేజీ తెరుచుకుంది, అందులో ధర తప్ప ఏమీ లేదు. వెనక్కి వచ్చారు. మళ్ళీ పెట్టారు. ఫోనుని అటూ ఇటూ వంచి కూడా చూశారు.

"లేదు కదండీ."

"ఉందండీ. మీకు కనిపించనిచోట నేను రాశాను." టైటిల్ సంగతంతా చెప్పాను. మౌసు గురించి, పలకరింపుల గురించి.

"అంటే ఆరు వందల పలకరింపులు రాయించారు, నేను ఒక్కటీ చూడలేదా? ఒరేయ్, మీరు చూశారా?" అని కౌంటర్ వైపు తిరిగారు.

"వస్తుంటాయి సార్. సామాను పేరుకి అడ్డంగా వచ్చి కూర్చుంటాయి. బాణం పక్కకి లాగేసి చూసుకుంటాం" అన్నాడు ఒకడు.

"మరి చదివిన మనిషెవరండీ?"

"పద్మజ ఒక్కతే అండీ. వారం రోజులు విన్నది. తట్టుకోలేక ఆపేసింది. అందులోనే సైడు పేర్లున్నాయని ఆమెకు తెలియదు. తప్పులు ఆమె చేసినవి కాదు, నావి" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను. కేకలు వేసి, సైటు తీసేస్తానని అంటే కొంత తేలికగా ఉండేది. ఆయన లేచి వెళ్ళి గూట్లోంచి ఫైలు తెచ్చి, ఏడు కాగితాలూ తీసి టేబుల్ మీద పెట్టారు.

"మా బావమరిదికి నేను చెప్పుకుంటాను. ఆ అమ్మాయి సీటు ఎక్కడికీ పోదు. కానీ మేడంగారూ, నా షాపులో తప్పుకి కాగితం ఉండాలి. ఎవరి తప్పయితే వాళ్ళు రాయాలి" అని తెల్ల కాగితం నా ముందుకు జరిపారు.

పెన్ను పట్టుకోగానే చెయ్యి అలవాటు కొద్దీ "తమ సముఖమునకు విన్నవించుకొనునది" అని మొదలుపెట్టింది. కోటేశ్వరరావు గారు తల వంచి చూసి, "మామూలుగా రాయండి" అన్నారు. కొట్టేసి మళ్ళీ రాశాను. రాసి సంతకం పెట్టి ఆయనకిచ్చాను. ఆయన చదివి, పాత కాగితాలతో పాటు పద్మజ చేతికిచ్చారు.

ఆమె ఏడింటినీ ఒక్కొక్కటే వేళ్ళతో లెక్కపెట్టుకుని, మడిచి, చింపి, అట్టపెట్టెలో వేసింది. ఎనిమిదోది నావైపు చాచింది.

"ఏం రాశారో చదవండి మేడం."

చదివాను. "కొత్త సైటులో సామాను ఏ సైడుదో కనిపించకుండా దాచింది నేను. పద్మజ పేరు మీద రాసిన ఏడు తప్పులూ నావి. ఆరు వందల పెళ్ళిపిలుపులు రాసింది కూడా నేనే. మొన్న అడిగినప్పుడు ఎవరో రాశారని అబద్ధం చెప్పాను."

చివరి వాక్యం దగ్గర నా గొంతు బాగా చిన్నదైపోయింది. కౌంటర్లో కుర్రాళ్ళు చేస్తున్న పని ఆపి నిలబడ్డారు. పద్మజ కాసేపు తల పక్కకి వంచి, ఫోన్లో కస్టమరు మాట వింటున్నట్టే ఉండిపోయింది.

"ఇంకోసారి చదవండి మేడం. బయట లారీ వెళ్ళింది, సరిగ్గా వినపడలేదు" అంది.

లారీ ఏదీ వెళ్ళలేదు. ఆ సంగతి నాకు తెలుసు, కోటేశ్వరరావు గారికి తెలుసు, కౌంటర్లో ఇద్దరికీ తెలుసు. కుర్చీలోంచి లేచి నిలబడి, ఈసారి షాపంతా వినపడేలా చదివాను.